పది నిమిషాలు పగ్గాలు పక్కన పెట్టడం ఎలా

విశాఖలో కైలాసగిరి కొండ ఘాట్ రోడ్డు మీద కారు ఇంకొకరు నడుపుతున్నప్పుడు, పక్క సీట్లో కూర్చున్న మనిషి కుడికాలు ప్రతి మలుపులోనూ అక్కడ లేని బ్రేకును తొక్కుతూ ఉంటుంది. ఆ కాలి వల్ల కారు వేగం రవ్వంత కూడా తగ్గదు, అయినా కాలు ఆగదు. కొండ దిగి బీచ్ రోడ్డుకు చేరేసరికి నడిపినవారి కంటే పక్కన కూర్చున్నవారే ఎక్కువ అలసిపోయి ఉంటారు. నేను చాలా ఏళ్లు అలా కూర్చున్నవాణ్ణి. కారులోనే కాదు, ఇంట్లోనూ ఉద్యోగంలోనూ నా తీరు అదే. కింది ఉద్యోగి పంపిన లెక్కను మూడోసారి తిరగేయడం, మద్దిలపాలెం నుంచి గాజువాకకు స్కూటీ మీద బయలుదేరిన కూతురి లొకేషన్‌ను ఫోనులో రెండు నిమిషాలకొకసారి చూడటం, మాత్ర వేసుకున్నానని అమ్మ చెప్పిన తరువాత కూడా మాత్రల అట్టలో ఖాళీలు లెక్కపెట్టడం, ఇవన్నీ ఆ లేని బ్రేకును తొక్కడమే. ఆ కాలిని రోజులో కొద్దిసేపు ఊరికే నేలకు ఆనించి ఉంచడం ఎలాగో, అందుకు నాకు ఉపయోగపడిన పద్ధతులేమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నీ తన చేతి మీదుగానే జరగాలన్న తపనను చెడ్డ గుణంగా చూడవలసిన పని లేదు. అది చాలామందికి అవసరం నేర్పిన అలవాటు. చిన్న వయసులో తండ్రిని పోగొట్టుకుని తమ్ముళ్లను చదివించిన పెద్దకొడుకు, భర్త షిప్పు మీద నెలల తరబడి దూరంగా ఉంటే పిల్లల ఫీజుల నుంచి గ్యాస్ బండ వరకు ఒంటరిగా చూసుకున్న ఇల్లాలు, ఒక్క పొరపాటు జరిగితే మనుషుల ప్రాణాల మీదికి వచ్చే చోట షిఫ్టు నడిపిన ఉద్యోగి, వీరందరికీ ఆ జాగ్రత్త నిజంగానే అక్కరకు వచ్చింది. ఇబ్బంది ఎక్కడంటే, అవసరం తీరిన తరువాత కూడా బిగించిన పిడికిలి బిగించినట్టే ఉండిపోతుంది. అందువల్ల స్వభావాన్ని మార్చుకోవాలని సంకల్పం పెట్టుకోనక్కరలేదు. పిడికిలిని పది నిమిషాలు విప్పడం నేర్చుకుంటే చాలు.

ముందుగా తేల్చుకోవలసిన మూడు సంగతులు

విశాఖ ఓడరేవు లోపలి హార్బరుకు వచ్చే ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నని దారి గుండా రావాలి. ఎన్ని సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్ అయినా, ఆ దారిలోకి రాకముందే ఓడరేవు పైలట్‌ను ఓడ మీదికి ఎక్కించుకుని, నడిపించే పనిని అతనికి అప్పగిస్తాడు. అలా అప్పగించినంత మాత్రాన ఆ కెప్టెన్ ఎవరికీ లోకువ కాడు; ఓడ బాధ్యత అప్పుడు కూడా అతనిదే. ఆ అప్పగింతకు మొదలు ఎక్కడో, చివర ఎక్కడో, మధ్యలో చుక్కాని ఎవరి మాట మీద తిరుగుతుందో ముందే తెలిసి ఉంటుంది కాబట్టే అది సాఫీగా సాగుతుంది. మన పది నిమిషాల విరామానికి కూడా ఈ మూడూ కావాలి. ఏ పనిని వదులుతున్నాను, ఎంతసేపు వదులుతున్నాను, ఆ సేపు దాన్ని ఎవరు చూస్తారు అన్నవి తేల్చుకోకుండా "కాసేపు ప్రశాంతంగా ఉందాం" అని కూర్చుంటే, మనసు కూర్చోనివ్వదు. "సాయంత్రం 6 నుంచి 6 గంటల 10 నిమిషాల వరకు వంటింటి సంగతి నాది కాదు, అబ్బాయి చూస్తాడు" అని స్పష్టంగా అనుకున్నప్పుడు, లోపలున్న కాపలాదారు కొంతైనా ఒప్పుకుంటాడు. కొన్ని పనులను ఆ పది నిమిషాలు ఎవరూ చూడనక్కరలేదని కూడా ఇలా తేల్చుకునేటప్పుడే తెలుస్తుంది.

ఇష్టపడి వదలడానికీ, చేతిలో నుంచి లాగేసుకోబడటానికీ ఉన్న తేడాను ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తరువాత కరెంటు లేక, ఫోన్లు పనిచేయక, నీళ్ల కోసం బిందెలు పట్టుకుని తిరిగిన రోజుల్లో మన ఆధీనంలో దాదాపు ఏదీ లేదు; అయినా దాన్ని ఎవరూ విశ్రాంతి అనరు. ఆ అనుభవం తరువాత నాలాంటి వారికి పట్టు మరింత బిగిసింది. టార్చి బ్యాటరీలు, బియ్యం డబ్బా, తాగునీటి క్యాన్లు లెక్క చూసుకోకుండా నిద్రపోని ఇళ్లు నాకు తెలుసు. కాబట్టి మొదటి విరామాలు చాలా చిన్నవిగా, చాలా సురక్షితమైనవిగా ఉండాలి.

ఈ విరామాలను ఎప్పుడు తీసుకోకూడదో కూడా చెప్పాలి. బండి నడుపుతున్నప్పుడు, యంత్రం దగ్గర డ్యూటీలో ఉన్నప్పుడు, నీటి దగ్గర పిల్లలు ఆడుకుంటున్నప్పుడు, రోగికి వేళకు మందు ఇవ్వవలసి ఉన్నప్పుడు వద్దు. షిఫ్టుల్లో పనిచేసినవారికి ఈ నియమం బాగా తెలుసు: రిలీవర్ వచ్చి బాధ్యత అందుకున్న తరువాతే మనం కుర్చీలోంచి లేస్తాం.

శరీరంతో మొదలుపెట్టడం

మొదటి వారం రెండు నిమిషాలకు మించి ప్రయత్నించవద్దని నా సలహా. కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలనూ నేల మీద పెట్టి కూర్చోవాలి. అప్పుడు దవడ ఎలా ఉందో గమనించాలి. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటే నాలుకను వదులుగా ఉంచి వాటి మధ్య కొద్దిగా ఖాళీ రానివ్వాలి. తరువాత భుజాలు. వాటిని చెవుల వైపు లాగినట్టుగా 5 సెకన్లు పైకెత్తి, ఒక్కసారిగా వదిలేయాలి. పిడికిళ్లను కూడా అలాగే బిగించి, విప్పి, అరచేతులను తొడల మీద వెల్లకిలా పెట్టుకోవాలి. ముందు బిగించి ఆ తరువాత వదలడమనే ఈ పద్ధతికి మూలం అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1920లలో రూపొందించిన కండరాల సడలింపు సాధన. పట్టు వదలమని మనసుకు చెబితే దానికి అర్థం కాదు కానీ, బిగింపు ఎలా ఉంటుందో, సడలింపు ఎలా ఉంటుందో పిడికిలికి వెంటనే తెలుస్తుంది.

ఆ పైన శ్వాస. మామూలుగా గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు నెమ్మదిగా వదలాలి. పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగంగానూ, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరగడం వల్ల కొద్దిగా నెమ్మదిగానూ కొట్టుకోవడం శరీర సహజం. వదలడాన్ని పొడిగించడం వెనుక ఉన్న కారణం ఇదే. ఇక్కడ నాలాంటి వారు చేసే పొరపాటు ఒకటి ఉంది. ఎన్ని సెకన్లు పీల్చాం, ఎన్ని వదిలాం, సరిగ్గా చేశామా లేదా అని శ్వాసను కూడా అదుపులో పెట్టడం మొదలుపెడతారు. లెక్క వద్దు. ఆరేడు శ్వాసలు అలా పోయాక, శ్వాసను దాని మానాన వదిలేసి, అది ఎలా వస్తే అలా రానివ్వాలి. మనం పట్టించుకోకపోయినా మన కోసం నడిచే పని ఒకటి మన ఒంట్లోనే ఉందని తెలిసే క్షణం అది. కొందరికి కళ్లు మూసుకుని ఒళ్లు వదులు చేస్తే కంగారు తగ్గడానికి బదులు పెరుగుతుంది. అటువంటివారు కళ్లు తెరిచే ఉంచి, కిటికీలోంచి కనిపించే ఏదైనా ఒక వస్తువును చూస్తూ, అర నిమిషంతో సరిపెట్టుకోవాలి.

తలుచుకోకూడదనుకున్న కోతి

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదన్న మాట మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అదే సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో ప్రచురించిన ప్రయోగం మరో జంతువుతో చూపించింది. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దనీ, తలపుకు వస్తే గంట మోగించమనీ చెప్పి 5 నిమిషాలు సమయం ఇస్తే, పాల్గొన్నవారు నిమిషానికి ఒకసారికి మించి గంట మోగించారు. ఆ తరువాత తలుచుకోవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారి కంటే ఎక్కువగా తలుచుకున్నారు. విరామంలో కూర్చుని "గ్యాస్ గురించి ఆలోచించను, ఆఫీసు గురించి ఆలోచించను" అని పంతం పట్టడం కూడా ఇలాంటిదే. ఆలోచన వస్తే రానివ్వాలి, దాని వెంట లేచి వెళ్లకుండా ఉండాలి. గ్యాస్ గుర్తుకు వచ్చినా కుర్చీలోనే కూర్చుని ఉండగలిగితే ఆ విరామం సఫలమైనట్టే.

కాగితం ఇందుకు బాగా సాయపడుతుంది. విరామానికి ముందు ఒక చిన్న పుస్తకంలో మనసును పట్టి లాగుతున్న పనులను ఒక్కొక్కటిగా రాయాలి. "కరెంటు బిల్లు" అని ఊరుకోకుండా "కరెంటు బిల్లు, రేపు ఉదయం టిఫిన్ తరువాత ఫోనులో కడతాను" అని రాయాలి. నిద్ర పరిశోధకుడు మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకుల నిద్రను ప్రయోగశాలలో కొలిచి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే పనుల జాబితా రాసినవారు, పూర్తయిన పనుల జాబితా రాసినవారి కంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. ఆ జాబితాను ఎంత వివరంగా రాస్తే నిద్ర అంత త్వరగా పట్టింది. కాగితం గుర్తుపెట్టుకుంటుందన్న నమ్మకం కలిగితే తల ఆ బరువును దించుతుంది.

చింతలు పనులుగా రాయడానికి వీలుకానివైతే, అంటే అబ్బాయి భవిష్యత్తు, నాన్న గుండె పరీక్ష ఫలితం వంటివైతే, వాటికి ఒక వేళ కేటాయించాలి. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట అరగంట కూర్చుని చింతించడం, మిగతా వేళల్లో చింత వచ్చినప్పుడు "నీ వేళకు రా" అని వాయిదా వేయడం. పడకగదిలో మాత్రం వద్దు. మా ఇంట్లో అందుకు మేడ మీది ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

ఇంట్లో అప్పగించడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే, ఫలితం ఎక్కువ ఉన్నదీ ఇదే. ఒంటరిగా కుర్చీలో కూర్చుని పట్టు వదలడం ఒక ఎత్తు, మన కళ్లెదుట ఇంకొకరు మన పనిని వారి పద్ధతిలో చేస్తుండగా వదలడం మరో ఎత్తు. పోతే పెద్దగా నష్టం లేని పనితో మొదలుపెట్టాలి. నేను ఎంవీపీ కాలనీ రైతుబజారుతో మొదలుపెట్టాను. అక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కనుక, కొత్తగా వెళ్లినవారు ఎంత అజాగ్రత్తగా ఉన్నా పెద్దగా మోసపోయేది ఉండదు. సంచి అబ్బాయి చేతికిచ్చి, "ఈ వారం కూరలు నీ ఇష్టం" అన్నాను. అతను ముదిరిన బెండకాయలు తెచ్చాడు. కొనలు విరిచి చూడాలని చెప్పడానికి నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్న ఆ ఒక్క నిమిషం, నేను పూర్తిగా పాటించిన మొదటి విరామమని ఇప్పటికీ అనుకుంటాను. మా ఆవిడ వాటిని పులుసులో వేసింది. తరువాతి వారం అతనే కొనలు విరిచి చూసి తెచ్చాడు.

ఇలా అప్పగించేటప్పుడు కొన్ని నియమాలు పాటించాలి. పని మొదలుకాకముందు చెప్పవలసింది ఒక్కసారి చెప్పాలి, మొదలయ్యాక చెప్పకూడదు. వీలైతే ఆ గదిలోంచి బయటికి వెళ్లాలి. పొయ్యి దగ్గర నిలబడి నోరు మూసుకున్నా, మన చూపే పది సూచనలు ఇస్తుంది. వారు చేసిన పనిని వారు వెళ్లాక మళ్లీ చేయకూడదు. మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టడం, తోమిన గిన్నెను మళ్లీ తోమడం, పంపిన ఉత్తరాన్ని మళ్లీ సరిదిద్దడం, ఇవి అప్పగింతను రద్దు చేసేస్తాయి, పైగా రెండోసారి ఎవరూ ఆ పని అందుకోవడానికి ముందుకు రారు. మన ఇళ్లలో కోడళ్లు, చిన్న కొడుకులు ఏ పనీ మీద వేసుకోరని బాధపడే పెద్దలు, ఆ పనిని నిజంగా ఎప్పుడైనా వారి చేతిలో వదిలారో లేదో ఒకసారి ఆలోచించాలని నా మనవి.

మన చెయ్యి పడితేనే పని బాగుంటుందన్న నమ్మకం ఎంత బలమైనదో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ 1975లో ప్రచురించిన ప్రయోగం చూపిస్తుంది. ఒక డాలరు లాటరీ టిక్కెట్లను అమ్మేటప్పుడు కొందరిని తమ టిక్కెట్టు తామే ఎంచుకోనిచ్చి, మిగిలినవారికి ఏదో ఒకటి ఇచ్చారు. తరువాత ఆ టిక్కెట్టును ఎంతకు ఇస్తారని అడిగితే, తామే ఎంచుకున్నవారు సగటున 8.67 డాలర్లు, ఇచ్చింది తీసుకున్నవారు 1.96 డాలర్లు అడిగారు. రెండు రకాల టిక్కెట్లకూ బహుమతి వచ్చే అవకాశం మాత్రం ఒక్కటే. పప్పులో ఉప్పు లాటరీ కాదు, అందులో అనుభవానికి విలువ ఉంటుంది. కానీ మన చెయ్యి వల్ల కలిగే తేడాను మనం ఎంత ఎక్కువగా లెక్కవేస్తామో తెలుసుకోవడానికి ఈ ప్రయోగం చాలు.

దాన్ని మన సొంత జీవితంలో పరీక్షించుకునే మార్గం ఉంది. అప్పగించే ముందు, ఏ చెడు జరుగుతుందని భయపడుతున్నామో ఒక్క వాక్యంలో రాయాలి. అయిపోయాక ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. నెల రోజుల తరువాత ఆ పేజీలు చదివితే కొన్ని భయాలు నిజమైనట్టూ, చాలా భయాలు కాగితం మీదే మిగిలిపోయినట్టూ కనిపించవచ్చు. నిజమైనవాటిలో సరిదిద్దుకోలేనివి ఎన్ని ఉన్నాయన్నది ప్రత్యేకంగా చూడాలి. నా పుస్తకంలో మొదటి నెలలో అటువంటిది ఒక్కటీ లేదు.

ఊరు ఇచ్చే సాయం

ఆర్‌కే బీచ్ గట్టు మీద తెల్లవారుజామునో, ఎండ చల్లారాకో కూర్చుని, ఏదో ఒక అలను ఎంచుకుని, అది లేచిన దగ్గర నుంచి ఇసుకలో ఇంకిపోయే వరకు చూడాలి. తరువాత ఇంకొకటి. ఏ అల ఎంత దూరం వస్తుందో ఊహించవద్దు, ఫోటో తీయవద్దు. నీటిలోకి మాత్రం దిగవద్దు. ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాల వల్ల మనుషులు కొట్టుకుపోయిన సంఘటనలు ఎన్నో జరిగాయి, మనసుకు విశ్రాంతి ఇవ్వడానికి తడి ఇసుక దాకా వెళ్లనక్కరలేదు.

సిటీ బస్సు కూడా మంచి చోటే. తెలిసిన దారిలో, తొందర లేని రోజున కిటికీ పక్క సీటు చూసుకుని, ఫోనులో మ్యాప్ తెరవకుండా, డ్రైవరు ఏ లేనులో వెళ్తున్నాడో పట్టించుకోకుండా నాలుగైదు స్టాపులు ప్రయాణించాలి. కైలాసగిరి రోప్‌వే ఇంకా నయం. ఆ డబ్బాలో మనకు స్టీరింగూ లేదు, తొక్కడానికి బ్రేకూ లేదు. సింహాచలం దర్శనం వరుసలో ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా నిలబడటాన్ని కూడా ఇదే సాధనలో చేర్చుకోవచ్చు.

ఇది సరిపోనప్పుడు

తాళం వేశామో లేదో, గ్యాస్ కట్టేశామో లేదో అని తిరిగి చూడటానికే రోజూ గంటల సమయం పోతున్నా, చూడకపోతే భరించలేని భయం కలుగుతున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పది నిమిషాల విరామాలతో కాలయాపన చేయకూడదు. ఇవి చికిత్సకు లొంగే ఇబ్బందులు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడికి వెళ్లినా, ఫోను చేసినా నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు ఇంకా మన మధ్య ఉందని నాకు తెలుసు. షుగరు పరీక్షకు వెళ్లడానికి లేని జంకు దీనికి ఎందుకో నాకు అర్థం కాదు.

పగ్గాలు తిరిగి అందుకోవడం

గడువు ముగిశాక తిరిగి బాధ్యత తీసుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్ చూసి "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగినట్టే, ఇంట్లో కూడా ఒక్క ప్రశ్న చాలు. దాని జవాబు విని ఊరుకోవాలి. వదిలిన పది నిమిషాల వివరాలన్నిటినీ తరువాత అరగంట ఆరా తీస్తే, మనం నిజానికి ఏమీ వదలనట్టే లెక్క. రెండు నిమిషాలు అలవాటైన తరువాత పది, ఆ తరువాత ఒక సాయంత్రం. వారానికి ఒక మెట్టుకు మించి ఎక్కనక్కరలేదు. ఏదో ఒక రోజు కుదరకపోతే మరుసటి రోజు రెండు నిమిషాలతోనే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కూతురి లొకేషన్ విషయంలో నేను ఈ మెట్లన్నీ ఎక్కడానికి దాదాపు ఒక వేసవి పట్టింది. ఇప్పుడు ఆమె మద్దిలపాలెంలో బయలుదేరేటప్పుడు ఫోను చేస్తుంది, గాజువాక చేరాక "వచ్చేశాను నాన్నా" అని సందేశం పెడుతుంది. ఆ రెండింటి మధ్య నా ఫోను అలమారలో ఉంటుంది, నేను మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తూ ఉంటాను. సందేశం వచ్చాక "సరే అమ్మా" అని మాత్రమే జవాబిస్తాను. దారిలో ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్ ఎలా ఉందో, పావుగంట ఎందుకు ఆలస్యమైందో ఆ పూట అడగను.